తోలు పార్కు కంటే ముందు తోలును కాపాడండి
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ్యులందరికీ నమస్కారం.

మా ప్రాంతానికి తోలు పార్కు మంజూరు చేయించండని అడిగే వినతిపత్రాలు మీకు ఇంతకుముందే అంది ఉంటాయి. ఎన్నికల సభల్లో ఆ హామీ మీలో కొందరు ఇచ్చి కూడా ఉంటారు. నేను అడగబోయేది వేరు. ఈ రోజు మన పట్టణాల్లో కోసిన గొర్రెల తోళ్ళు సాయంత్రానికల్లా ఎందుకు పాడైపోతున్నాయో ముందు చూడండి. మన గురుకులాల పిల్లలు వేసుకునే బూట్లు ఎక్కడ తయారవుతున్నాయో చూడండి. ఈ రెండు చివరలూ సరిచేస్తే మధ్యలో పరిశ్రమ నిలబడటానికి దారి ఏర్పడుతుంది. అవి వదిలేసి నడుమ స్థలం చూసి, ప్రహరీ కట్టి, బోర్డు పెడితే అక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవదు.

మాది దేవరకొండ వైపు ఒక పల్లె. మా తాత లంద, అంటే తోళ్ళు నానబెట్టి ఊనే తొట్టి, నడిపాడు. ఊరి బావుల మోటలకు తోలు తొండాలు, రైతులకు కిర్రుచెప్పులు, ఎడ్లకు పట్టెడలు, కొలిమి తిత్తులు, డప్పులు అన్నీ ఆయన చేతిమీదుగా తయారయ్యేవి. మా నాన్న కాలానికి మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, కిర్రుచెప్పుల స్థానంలో రబ్బరు చెప్పులు వచ్చాయి. ఆయన బస్టాండు ముందు గొడుగు కింద కూర్చుని తెగిన చెప్పులు కుట్టి మమ్మల్ని చదివించాడు. నేను తోలు సాంకేతిక విద్యలో డిప్లొమా చేసి, తమిళనాడులో పాలారు నది ఒడ్డున టానరీల్లో (పచ్చితోలును ఊని, అంటే పాడవని తోలుగా మార్చే కర్మాగారాల్లో) కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు సొంత ఊరికి దగ్గర్లో చిన్న యూనిట్ పెట్టుకుని బెల్టులు, సంచులు, చెప్పులు చేయిస్తున్నాను. పచ్చితోలు దగ్గర నుంచి చివరి కుట్టు దాకా ప్రతి మెట్టూ చేతులతో చేసి చూసినదాన్ని బట్టే ఈ లేఖ రాస్తున్నాను.

మనకున్న సంపద ఎంతో ముందు చెప్పుకుందాం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలోనే, దాదాపు 1 కోటి 90 లక్షలు. మేకలు మరో 49 లక్షల దాకా ఉన్నాయి. ఈ మందల్లో పెద్ద వాటా మన పాలమూరు, నల్లగొండ పల్లెలదని పెబ్బేరు సంతకో, దేవరకద్ర సంతకో ఒకసారి వెళ్ళినవారికి ఎవరూ చెప్పక్కర్లేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే ఉంటుంది. అటువంటి గొర్రె తోలు పలచగా, మెత్తగా ఉంటూనే గట్టిగా నిలుస్తుంది. చేతి తొడుగులకు, జాకెట్లకు ప్రపంచమంతా కోరుకునేది ఆ రకాన్నే. 2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలైనప్పటి నుంచి మాంసం గురించి మనం ఎంత మాట్లాడామో, తోలు గురించి అందులో పదోవంతు కూడా మాట్లాడలేదు. జీవం ఇంటికి వచ్చిన రోజు నుంచి దాని తోలు కూడా ఆ ఇంటి ఆస్తే అన్న ఆలోచన ఏ అధికారి నోటా నేను వినలేదు.

ఆదివారం పొద్దున మీ నియోజకవర్గంలో ఏ మండల కేంద్రానికైనా వెళ్ళండి. వేపచెట్టు కిందో, మురుగు కాలువ పక్కనో జీవాలను కోస్తుంటారు. కొనేవారు వరుసలో నిలబడి ఉంటారు, కోసేవారికి తొందర ఉంటుంది. పిడికిలితో నెట్టి ఒలవాల్సిన చోట కత్తి పెట్టి లాగుతారు. లోపలి వైపు పడ్డ సన్నటి గాటు అప్పుడు కంటికి ఆనదు. టానరీలో సున్నం తొట్టి దాటి, తోలు సాగి, పలచబడ్డాక అదే గాటు చిల్లిగా తేలుతుంది. నడి వీపు మీద ఒక్క చిల్లి చాలు, మొదటి రకంలో నిలవాల్సిన తోలు అట్టడుగుకు పడిపోతుంది. ముళ్ళ కంపల్లో మేసినప్పుడు పడ్డ గీతలు, పిడుదులు కుట్టిన మచ్చలు, మశూచి తెచ్చిన గుంటలు వీటికి తోడు. వాటిని మన పశువైద్యులు టీకాలతో, మందులతో కొంతవరకు ఆపగలరు. కత్తి గాటును మాత్రం కోసేవారి చెయ్యే ఆపాలి. ఆ చేతికి నేర్పించినవారు ఎవరూ లేరు.

ఒలిచిన తోలు నేల మీద పడి ఉంటుంది. రక్తం, పేడ, మట్టి అంటుకుంటాయి. ఎండాకాలంలో మన దగ్గర 42, 43 డిగ్రీల వేడి మామూలే. ఆ వేడిలో నాలుగైదు గంటలు గడిస్తే లోపల కుళ్ళు మొదలవుతుంది. ముందు వాసన వస్తుంది, తర్వాత వెంట్రుక చేతికి ఊడి వస్తుంది. అక్కడితో ఆ తోలు కథ ముగిసినట్టే, దాన్ని తిరిగి బాగుచేసే రసాయనం లేదు. ఇదంతా ఆపడానికి కావలసింది ఉప్పు. ఒలిచిన వెంటనే కడిగి, నీడలో ఆరబెట్టి, తోలు బరువులో 40 శాతానికి తగ్గకుండా ఉప్పు లోపలి వైపు పట్టించి, ఊరిన నీరు జారిపోయేలా ఏటవాలు గచ్చు మీద పేర్చాలి. ఒక రేకుల షెడ్డు, ఒక గచ్చు, ఒక నీటి కుళాయి, ఉప్పు బస్తాలు. కోట్లు పెట్టే పని కాదు ఇది. పురపాలికలు తలచుకుంటే ఒక ఎండాకాలంలో పూర్తయ్యే పని.

ఇప్పుడు ఏం జరుగుతోంది? ఒకప్పుడు వందల్లో పలికిన గొర్రె తోలు పదుల్లోకి పడిపోయింది. బక్రీదు నాడు, పెద్ద జాతర్ల నాడు తోళ్ళు కుప్పలు పడితే ఉచితంగా తీసుకెళ్ళేవారు కూడా దొరకక గుంత తీసి పూడ్చిన సందర్భాలున్నాయి. దీనికి మన తప్పులే కారణమని నేను అనను. ప్రపంచమంతా బట్ట బూట్లు, ప్లాస్టిక్ తోళ్ళ వైపు మళ్ళింది. కాన్పూరులో 2019 కుంభమేళా కోసం టానరీలను నెలల తరబడి మూయించారు. ఆ మరుసటి ఏడాదే కరోనా వచ్చింది. ధర పడిపోగానే మాంసం కొట్టువారికి తోలు మీద శ్రద్ధ తగ్గింది, శ్రద్ధ తగ్గగానే తోలు ఇంకా పాడైంది, పాడైన తోలుకు ధర మరింత తగ్గింది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. బజారు ధర మన చేతిలో లేదు, ఉప్పు మన చేతిలో ఉంది.

పాలారు ఒడ్డున పనిచేసేటప్పుడు హైదరాబాదు మీదుగా వచ్చిన మన తోళ్ళ లారీలు దిగడం చూసేవాణ్ణి. బేరం చేసేవారు తోలును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ‘ఇది తెలంగాణ సరుకు, గాట్లుంటాయి’ అని ముందే ధర కోసేవారు. తోలు మంచిదే, పైభాగం నిగారింపు చూసి వాళ్ళే మెచ్చుకునేవారు. మన చేతి పని వల్ల దాని విలువ పోతోంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలిగేది. ఆ బాధే నన్ను తిరిగి ఇక్కడికి తెచ్చింది.

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ప్రతి పురపాలికకు శుభ్రమైన కబేళా, దాని పక్కనే ఉప్పు పట్టించే గచ్చు కట్టించండి. ఒలిచే పని చేసేవారికి శిక్షణ ఇప్పించి, గాటు లేని తోలుకు ఎక్కువ ధర వచ్చేలా రకాల వారీగా కొనే ఏర్పాటు చేయించండి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర సంగతే తీసుకోండి. మేడారం తర్వాత రాష్ట్రంలో అంత పెద్ద జాతర అదే. రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి దగ్గరికి, చౌడమ్మ తల్లి దగ్గరికి లక్షల మంది వస్తారు, మొక్కు తీర్చుకునే వేళ ఎన్ని వేల జీవాలు తెగుతాయో మీకు తెలుసు. తాగునీటికి, బస్సులకు, విద్యుత్తుకు, పోలీసు బందోబస్తుకు అక్కడ నెలల ముందు నుంచి ఏర్పాట్లు జరుగుతాయి. తోలుకు ఏర్పాటు ఏది? గుట్ట కింద నాలుగు చోట్ల ఉప్పు షెడ్లు వేస్తే ఆ అయిదు రోజుల్లో చేరే తోళ్ళే ఒక చిన్న కర్మాగారానికి నెలల పని ఇస్తాయి. జాతర అయ్యాక గుట్ట చుట్టూ వాసన కూడా ఉండదు.

ఇక నీటి విషయం. ఇక్కడ మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. కొందరు నాయకులు పెద్ద టానరీలు తెస్తామని అంటున్నారు. పచ్చితోలును పచ్చిగానే తెచ్చి ఊనే టానరీ అంటే ఏమిటో తెలిసి ఆ మాట అంటున్నారా? కిలో పచ్చితోలుకు 30 నుంచి 40 లీటర్ల నీళ్ళు కావాలి. ఉప్పు తోళ్ళు ఒక టన్ను లోపలికి వెళ్తే బయటికి వచ్చే తోలు 200, 250 కిలోలే. మిగిలిందంతా వెంట్రుక, కొవ్వు, మాంసపు పీచు, సున్నపు బురద, ఉప్పు నీళ్ళే. దాని మీద, తోలు ఊనడానికి వాడే క్రోమియం అనే లోహం. పాత పద్ధతిలో వేసిన క్రోమియంలో మూడో వంతు దాకా తోలుకు పట్టకుండా నీటితోనే వెళ్ళిపోతుంది. నేలలోకి దిగిన ఉప్పును తీసే మార్గం పేద దేశాలకు ఇంతవరకు అందుబాటులోకి రాలేదు.

నల్లగొండ నీటి గురించి మీకు వేరే చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి వంకరపోయిన కాళ్ళను మీరు ఓట్లకు వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నారు. నీటిలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘నల్లగొండ పద్ధతి’. ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి మన జిల్లా పేరు చేరింది ఆ రోగం వల్ల. హైదరాబాదు మురుగంతా మోసుకుని మూసీ మన పొలాల మీదుగానే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఇటువంటి నేల మీద శుద్ధి సరిగా లేని టానరీ పెట్టడం పాపం. ఉద్యోగాల పేరు చెప్పి ఎవరు తెచ్చినా మా తోలు పనివారే ముందు నిలబడి వద్దనాలి.

పాలారు ఒడ్డు మనకు కళ్ళ ముందున్న పాఠం. అక్కడి టానరీల కాలుష్యం మీద వేలూరు ప్రాంతపు పౌరుల వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవారే దాని ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో గట్టిగా నాటుకుంది ఆ కేసుతోనే. ఆ తర్వాత కూడా నది బాగుపడలేదు, 2025 జనవరిలో అదే నది గురించి సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. 2015 జనవరి 31న రాణిపేటలో టానరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రపు బురద తొట్టి గోడ కూలి, పక్కనే నిద్రపోతున్న కార్మికులు పదిమంది ఆ విషపు బురదలో చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది బెంగాల్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు. మన పాలమూరు వలస కూలీలను చూసినవారికి ఆ చావులు దూరపు వార్తలా అనిపించవు.

ఇది మన దేశానికే పరిమితమైన కష్టం కూడా కాదు. బంగ్లాదేశ్ తన టానరీలను ఢాకాలోని హజారీబాగ్ నుంచి 2017లో సావార్‌కు తరలించింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం సరిగా పనిచేయకపోవడంతో చాలా టానరీలకు అంతర్జాతీయ పర్యావరణ ధ్రువపత్రం రాలేదు. ఆ పత్రం లేనిదే ఐరోపా పెద్ద కంపెనీలు కొనవు, అందువల్ల మంచి తోలును కూడా తక్కువ ధరకు అమ్ముకోవాల్సి వస్తోంది. ఐరోపా 2015 మే నుంచి తోలు వస్తువుల్లో విషపూరితమైన ఆరో స్థాయి క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉండకూడదని నిబంధన పెట్టింది. దానికి పరీక్షలు చేయించాలి, పరీక్షలకు డబ్బు కావాలి. ధనిక దేశాల వాళ్ళు మురికి పనిని మన వైపు తోసేసి, శుభ్రంగా చేశామని రుజువు కూడా మనల్నే చూపమంటారు. న్యాయమో కాదో గాని, వాళ్ళకు అమ్మాలంటే ఆ రుజువు చూపక తప్పదు. కాబట్టి మొదటి రోజు నుంచే శుభ్రంగా కట్టాలి, లేదంటే అసలు కట్టకూడదు.

మరి తోలు ఊనకుండా పరిశ్రమ ఎలా అని మీరు అడగవచ్చు. ఊనిన తోలును బయటి నుంచి తెచ్చుకుని ఇక్కడ కోసి, కుట్టి, వస్తువు చేయవచ్చు. ఉపాధి ఎక్కువగా ఉండేది అక్కడే. టానరీలో డ్రమ్ములు తిప్పడానికి పట్టే మనుషులు కొద్దిమందే. బూటు పైభాగం కత్తిరించడం, అంచు పలచన చేయడం, కుట్టడం, అట్ట అతికించడం, నునుపు చేయడం ఇవన్నీ మనుషుల చేతుల మీద జరిగే పనులు. తమిళనాడులోని అంబూరు బూట్ల కర్మాగారాల్లో కుట్టు యంత్రాల ముందు కూర్చునేవారిలో అత్యధికులు ఆడవాళ్ళే. నీళ్ళు అక్కర్లేదు, కాలుష్యం దాదాపు ఉండదు. జడ్చర్లలోనో, నకిరేకల్‌లోనో, అచ్చంపేటలోనో ఒక పెద్ద షెడ్డు, యాభై కుట్టు యంత్రాలు, నేర్పే ఇద్దరు మేస్త్రీలు ఉంటే పని మొదలవుతుంది. మన పచ్చితోళ్ళు మాత్రం ఉప్పు పట్టి, గాటు లేకుండా, మంచి ధరకు శుద్ధి ఏర్పాట్లున్న చోటికి వెళ్ళాలి.

చిన్న ఎత్తున చెట్ల చెక్కతో, అంటే బెరడుతో, ఊనే పాత పద్ధతిని కూడా వదలొద్దని నా కోరిక. బతుకమ్మలో మనం ముందుగా పేర్చే తంగేడు పువ్వు ఇప్పుడు రాష్ట్ర పుష్పం. ఆ తంగేడు చెట్టు బెరడు వందల ఏళ్ళపాటు దక్షిణ దేశపు తోళ్ళను ఊనింది. మా తాత లందలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ ఇవే సరుకు. నల్లమలలో చెంచులు ఏరే కరక్కాయను గిరిజన సహకార సంస్థ కొనే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఇందులో తొందరపాటు పనికిరాదు. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, అందుకని పెంచి కొట్టుకోవాలి గాని గుట్టల మీద ఉన్నది దోచుకోకూడదు. చెక్క నీళ్ళు కూడా వాగులో వదిలితే చేపల్ని చంపుతాయి. రోజుకు వంద తోళ్ళు మించని యూనిట్లు, నీళ్ళు మళ్ళీ మళ్ళీ వాడుకునే తొట్లు, చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ పర్యవేక్షణ ఉంటేనే దీనికి ఒప్పుకోండి.

ఆ పరిశోధన సంస్థ మనకు పరాయిది కాదు. 1948లో ఏర్పడిన ఆ సంస్థను ప్రపంచస్థాయికి చేర్చింది తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు. అంటరాని పనిగా చూసిన తోలు పనిని అగ్రకులాల పిల్లలు కూడా చదువుకునే శాస్త్రంగా నిలబెట్టిన మనిషి ఆయన. 1970ల్లో దేశంలోని శాస్త్ర పరిశోధన మండలికి అధిపతిగా ఉన్నప్పుడు, శాస్త్రం ఒక జిల్లాను ఎలా మార్చగలదో చూపడానికి కరీంనగర్‌ను ఎంచుకున్నారు. 1985లో కనిష్క విమానం పేలుడులో ఆయన మనకు దూరమయ్యారు. ఇప్పుడు అదే సంస్థ నీళ్ళు వాడకుండా క్రోమియం పట్టించే పద్ధతిని తయారుచేసి దేశంలో ఎన్నో టానరీలకు ఇచ్చింది. ఉప్పు తగ్గించి తోలును నిల్వచేసే మార్గాలు కూడా వాళ్ళ దగ్గర ఉన్నాయి. మన రెండు జిల్లాలకు రమ్మని ఆ శాస్త్రవేత్తలను పిలవడానికి మీ సంతకంతో ఒక ఉత్తరం చాలు.

కులం గురించి మాట్లాడకుండా తోలు గురించి మాట్లాడలేం. నిజాం కాలంలో మా పెద్దలు దొరల గడీలకు చెప్పులు, మోట తొండాలు వెట్టిగా ఇవ్వాల్సి వచ్చేది. ఇవ్వకపోతే దెబ్బలు. ఊరికి అవసరమైన పని చేసి ఊరి బయట బతికారు. ఆ పని వదిలేసి చదువుకున్న ప్రతి పిల్లను, ప్రతి పిల్లవాణ్ణి చూసి నేను గర్వపడతాను. చచ్చిన పశువును మేము ఎత్తం అని మా వాడలు ఎదురు తిరగడం ఆత్మగౌరవ పోరాటంలో భాగం. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టిన తర్వాత తోళ్ళ బండి నడిపేవారి గుండెల్లో ఎంత భయం చేరిందో మీకు తెలియదు. చట్టబద్ధంగా కొన్న బర్రె తోళ్ళకు కాగితాలున్నా రాత్రివేళ రోడ్డు మీద ఎవరు ఆపుతారోనని వణుకుతూ ప్రయాణం చేస్తారు. ఆ బండ్లకు రక్షణ ఇవ్వడం మీ జిల్లా పోలీసు యంత్రాంగం చేయగల పని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

మా పిల్లలు మళ్ళీ లందలోకి దిగాలని నేను కోరడం లేదు. ఈ పరిశ్రమలో యజమానులుగా, డిజైనర్లుగా, యంత్ర నిపుణులుగా వాళ్ళకు చోటుండాలని, వాళ్ళతో పాటు ఏ కులం పిల్లలైనా సిగ్గుపడకుండా ఇందులోకి రావాలని కోరుతున్నాను. ఇది జరగదని అనేవారు కార్తీక మాసంలో కురుమూర్తి జాతరకు వెళ్ళి చూడాలి. వడ్డెమాన్‌లో మా వాళ్ళు నియమంతో ఉండి స్వామికి తోలు ఉద్దాలు (పాదరక్షలు) తయారుచేస్తారు. అవి ఊరేగింపుగా గుట్టకు వస్తుంటే అన్ని కులాల వాళ్ళూ ఎగబడి తలకు తాకించుకుంటారు. ఆ రోజు తోలు ఎవరికీ మైల కాదు. ఆ చేతులకే మిగతా సంవత్సరమంతా బ్యాంకు అప్పు దొరకదు, ఊరి మధ్య కొట్టు అద్దెకు దొరకదు. నా యూనిట్‌కు గది వెతికినప్పుడు పని పేరు చెప్పగానే మొహం మార్చిన ఇళ్ళవారు చాలామందే ఉన్నారు.

ఇక అమ్మకం. మిగతావన్నీ సరిచేసినా ఇది లేకపోతే అన్నీ వృథా. కేంద్రం 2022లో పాదరక్షలు, తోలు పరిశ్రమ అభివృద్ధికి 1,700 కోట్లతో కార్యక్రమం ఆమోదించింది. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవారికీ చోటుంది, పనిముట్లకు 15 వేలు ఇస్తారు. 2025 సెప్టెంబరు నుంచి జత 2,500 రూపాయల లోపు పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. ఇవన్నీ మంచివే, కాదనను. అయితే కొత్త ఆరె, రంపె, గూటం చేతికి ఇచ్చి, కుట్టినదాన్ని కొనేవారిని చూపించకపోతే ఆ పనిముట్లు అటక ఎక్కుతాయి. మరోవైపు 2025-26 కేంద్ర బడ్జెట్‌లో సగం తయారైన క్రస్టు తోలు ఎగుమతి మీద ఉన్న 20 శాతం సుంకాన్ని ఎత్తేశారు. దానివల్ల టానరీ యజమానులకు లాభమే. దేశంలో వస్తువు చేసే చిన్న యూనిట్లకు మాత్రం మంచి తోలు దొరకడం కష్టమవుతుంది, ధర పెరుగుతుంది. ఈ మాట ఢిల్లీలో చెప్పడానికి మనకు ఎంపీలున్నారు, వాళ్ళ చెవిన వేయాల్సింది మీరు.

రాష్ట్రం చేతిలో మాత్రం అంతకంటే పెద్ద ఆయుధం ఉంది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చి సిరిసిల్ల మరమగ్గాలకు ప్రభుత్వం పని కల్పించింది. బడి పిల్లల యూనిఫారాల కుట్టుపనిని 2024లో మహిళా సంఘాలకు అప్పగించింది. బట్టకు చేసిన పని బూటుకు ఎందుకు చేయకూడదు? మన గురుకులాల్లో లక్షల మంది పిల్లలున్నారు. ప్రతి పిల్లవాడికీ ఏటా బూట్లు కావాలి. ఆ టెండర్లు ఎలా రాస్తారో నేను చూశాను. గత మూడేళ్ళలో ఇన్ని కోట్ల వ్యాపారం చేసి ఉండాలి, ఇంత ధరావతు కట్టాలి అని ఉంటుంది. చెప్పులు కుట్టే సహకార సంఘం ఏదీ ఆ గీత దాటలేదు. మొత్తం ఆర్డరు ఇవ్వమని అడగడం లేదు. పదో వంతు పక్కన పెట్టండి, మన రెండు జిల్లాల గురుకులాలకే పరిమితం చేయండి. నాణ్యత పరీక్ష పెద్ద కంపెనీకి ఎంత గట్టిగా పెడతారో మాకూ అంతే గట్టిగా పెట్టండి. బిల్లు మాత్రం నెలలోపు చెల్లించండి. నేను ఒక ప్రభుత్వ కార్యాలయానికి సంచులు సరఫరా చేసినప్పుడు డబ్బు కోసం తిరిగి తిరిగి ఇద్దరు పనివాళ్ళను పోగొట్టుకున్నాను, వాళ్ళిద్దరూ ముంబై వెళ్ళిపోయారు. చిన్న యూనిట్‌ను నష్టం కంటే ముందు చంపేది ఆలస్యంగా వచ్చే డబ్బే.

మన రెండు జిల్లాల చేతిపనికి పేరు లేదని ఎవరూ అనలేరు. గద్వాల చీర, నారాయణపేట చీర, పోచంపల్లి ఇక్కత్తు, పుట్టపాక తేలియా రుమాలు నాలుగూ ఇక్కడివే. నాలుగింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కొల్హాపురి చెప్పుకు ఆ గుర్తింపు 2019లో వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో అటువంటి చెప్పులు చూపించినప్పుడు మహారాష్ట్ర పనివారు అవి మావని గట్టిగా అడగగలిగారు, ఆ కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. మన కిర్రుచెప్పును రేపు ఎవరైనా ఎత్తుకెళ్తే అడగడానికి మన దగ్గర ఒక కాగితం కూడా లేదు. కిర్రుచెప్పు కుట్టగలిగిన ముసలివాళ్ళు ఊరికి ఒకరు కూడా మిగలలేదు. వాళ్ళ దగ్గర పని నేర్చుకుని, కొలతలు, కుట్లు రాసిపెట్టే పని వెంటనే మొదలుకావాలి. పాదరక్షల రూపకల్పన శిక్షణ సంస్థ ఒకటి హైదరాబాదు గచ్చిబౌలి ప్రాంతంలో నడుస్తోంది. ఆ విద్యార్థులు ఒక్కో బ్యాచ్ కొన్ని వారాలు మన పల్లెల్లో గడిపితే వాళ్ళకూ మంచిదే, మాకూ మంచిదే.

వచ్చే శాసనసభ సమావేశాల్లో మీలో ఒక్కరైనా లేచి ఈ ప్రశ్నలు అడగండి. మన రెండు ఉమ్మడి జిల్లాల పురపాలికల్లో ఎన్నింటికి కబేళా ఉంది, అందులో ఎన్నింటికి ఉప్పు పట్టించే గచ్చు ఉంది? తోలు పరిశ్రమ పేరుతో ఇంతవరకు కేటాయించిన భూములు ఎన్ని ఎకరాలు, ఈ రోజు వాటి మీద ఏముంది? గురుకులాలకు కొన్న బూట్లలో తెలంగాణలో తయారైనవి ఎన్ని జతలు? సమాధానాలు సభ రికార్డులోకి ఎక్కితే మిగతా పని మేము చూసుకుంటాం, సంఘాలుగా ఏర్పడటానికి మా వాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

పెద్దగట్టు జాతర మళ్ళీ 2027లో వస్తుంది. సూర్యాపేటలో మాంసం కొట్లవారికి ఒలుపు శిక్షణ మొదలుపెట్టడానికి ఇప్పుడే సమయం. పాలారు ఒడ్డున నాతో పనిచేసిన మేస్త్రీలను పిలిపిస్తాను, నేనూ వచ్చి నేర్పిస్తాను, దానికి రూపాయి అడగను. షెడ్డు, ఉప్పు మీరు ఇప్పించండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు తోలు పనివాడు, మీ ఓటరు